అద్దె యిల్లు: ఉంచుకొనుటయా, విక్రయించుటయా?
(కాయక దృష్టితో ఒక విచారణ)



మన కుటుంబములలో నేడు తరచుగ వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. తండ్రి కష్టించి కట్టించిన యిల్లు చిన్న పట్టణమునం దున్నది. సంతానము ఉద్యోగ వ్యాపారముల నిమిత్తము హైదరాబాదునకో, బీదరునకో, పూనాకో వెడలిపోయినది. ఇల్లు అద్దెకిచ్చిరి. వచ్చు అద్దె స్వల్పము, పెట్టు ఖర్చు అధికము. ఏడాదిలో కొంత కాలము తాళము వ్రేలాడుచునే యుండును. ఒక కుమారుడు అమ్మివేయుదమనును. రెండవవాడు తండ్రి పేరు పోవునని అడ్డుపడును. ఆడబిడ్డను ఎవరును అడుగరు. తల్లి ఎవరి పక్షము పలుకుటకును మనసురాక ఊరకుండును. ఇట్లు ఏండ్లు గడచును. గోడలు బీటలు వారును, అన్నదమ్ముల మనసులును బీటలు వారును.

ఈ చిక్కును లెక్కల పుస్తకము మాత్రమే విడదీయజాలదు. పితృభక్తి మాత్రమే విడదీయజాలదు. శరణులు మనకిచ్చిన కాయక, దాసోహ సూత్రములను ముందుంచుకొని, ఆ వెలుగులో లెక్క వేసిన యెడల మార్గము కనబడును. ఈ పాఠమున ఆ ప్రయత్నము చేయుదము.

1. స్థావర జంగమ వివేచనము

మన పెద్దలు దస్తావేజులలో "స్థావర జంగమాస్తులు" అని వ్రాయించెడివారు. కదలనిది స్థావరము, కదలునది జంగమము. ఇల్లు, పొలము స్థావరములు. ధనము, ధాన్యము, పశువులు జంగమములు. శరణ సంప్రదాయమున ఈ రెండు మాటలకు ఇంతకంటె లోతైన అర్థమున్నదని పాఠకులెరుగుదురు. దైవమును ఒక కట్టడములో నిలిపి అచ్చటికి మానవుని నడిపించుటకు మారుగ, ఇష్టలింగరూపమున మానవుని దేహముపైననే నిలిపినది మన ధర్మము. భక్తుడెచ్చట నున్నను అతని దైవము అతనితోనే యున్నది.

దీనిని గ్రహించిన కుటుంబమునకు మొదటి భయము తీరును. తండ్రి స్మృతి ఇటుకలలో లేదు. ఆయన నేర్పిన నడవడిలో, నిత్యపూజలో, చేతి పనిలో, పరులకు పెట్టిన అన్నములో ఉన్నది. ఇల్లు చేతులు మారినంతనే అది పోవునది కాదు. బసవేశ్వరుడు బాల్యముననే ఉపనయనమును నిరాకరించి పితృగృహమును విడిచెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. జన్మగృహమును విడిచినవాని పేరు ఎనిమిది శతాబ్దులు గడచినను ఇంటింట నిలిచియున్నది గదా!

అయితే ఒక హెచ్చరిక అవసరము. "స్థావరము నశ్వరము" అను మాటను ఆశకు ముసుగుగ వాడుకొనరాదు. అప్పులలో మునిగిన వ్యాపారమునకో, ఆడంబరపు వివాహమునకో ధనము కావలసి, అమ్మకమునకు శరణ వాక్యమును సాక్షిగ పిలుచుట తగదు. ఇంటిని పట్టుకొని వ్రేలాడుటయు ఆశయే, దాని సొమ్మునకై త్వరపడుటయు ఆశయే. ఈ రెండింటికిని దూరముగ నిలిచి విచారింపవలెను.

2. అద్దె కాయకఫల మగునా?

కాయకమనగా శరీరముతో, సత్యముతో చేయు పని. అట్లైన యెడల కూర్చుండి పుచ్చుకొను అద్దె కాయకఫలమగునా అని కొందరు సందేహింతురు. సందేహము సబబైనదే. ఇంటి యజమాని కప్పు కారకుండ చూచి, నీటి మోటారు చెడిన నాడే బాగుచేయించి, మురుగు నిలువకుండ కాచి, అద్దెదారుని కుటుంబము నిర్భయముగ నిద్రించునట్లు చేసెనేని ఆ అద్దె శ్రమకు వచ్చిన ఫలమే. వానకాలమున గోడలు తడిసి బిడ్డలు జ్వరపడుచుండగ, మూడు వందల కిలోమీటర్ల దూరమున నుండి నెలనెల కిరాయి మాత్రము వసూలుచేయుట కాయకము కాదు.

కాబట్టి ఇంటి ధర యెంత అనునది మొదటి ప్రశ్న కాదు. "ఈ యింటి కాయకము చేయగలవారు మా కుటుంబమున ఎవరు?" అనునది మొదటి ప్రశ్న. ఆ పనికి పూనుకొనువాడు ఒక్కడైనను ఉన్నచో ఇల్లు నిలువదగినదే కావచ్చును. ఎవ్వరును లేనిచో, ఆ కాయకము చేయగలవారి చేతికి ఆ యిల్లు చేరుటయే ధర్మము. ఈ పాఠమునకంతకు ఇదియే మూలసూత్రము.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మనకందరకు తెలిసినదే. బసవన్న వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యమునకంటె అధికముగ తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఇది మన కాయకమునకు మించినది, తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. మన చేతి పనికి, మన అవసరమునకు మించినది ఇంటనుండుట భారమని ఆమె యెరిగియుండెను. మన పాలనకు మించిన యింటి విషయమునను ఈ వివేకమే దారి చూపును.

3. బండారి బసవన్న నేర్పిన లెక్క

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండాగారమును నిర్వహించినవాడు. రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు చెప్పగా బిజ్జలుడు లెక్క అడిగెననియు, ధనమును లెక్కింపగా ఏ మాత్రమును లోటు లేకుండెననియు బసవపురాణ గాథ. ఇందలి మహిమను భక్తులు కీర్తింతురు. గృహస్థులు గ్రహింపవలసిన నీతి మరియొకటి కలదు: ఎంత భక్తుడైనను లెక్క చూపుటకు వెనుకాడరాదు.

మన గృహములలో అద్దె యింటికి లెక్క వ్రాయువారు అరుదు. నెలకు ఎనిమిది వేలు వచ్చుచున్నదని మాత్రము చెప్పుదురు. పోవుచున్నది చెప్పరు. కావున ఒక కుటుంబమును ఉదాహరణకై కల్పించుకొని లెక్క వేయుదము. అంకెలు బోధకొరకు గ్రహించినవి. పాఠకులు తమ యింటి అంకెలను వీని స్థానమున నుంచుకొనవలెను.

జహీరాబాదు పట్టణమున పాత బజారు సందులో ఒక యిల్లు. తండ్రి 2001కి పూర్వము స్వార్జితముతో కట్టించెను. వీలునామా వ్రాయకయే లింగైక్యుడయ్యెను. తల్లి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె వారసులు. తల్లి హైదరాబాదున పెద్ద కుమారుని యొద్ద నున్నది. అద్దె ఆమె మందులకు, చేతి ఖర్చునకు. నేడు యింటి విలువ 48 లక్షల రూపాయలు అనుకొందము.

నెలకు 8,000 చొప్పున, ఒక నెల ఖాళీ పోగా, 11 నెలలకు వచ్చు అద్దె 88,000 రూపాయలు. ఆస్తిపన్ను 5,000. సున్నము, మరమ్మతులు, మోటారు మొదలగువానికి సగటున 20,000. రాకపోకలకు 5,000. మొత్తము ఖర్చు 30,000. మిగులు 58,000. అనగా 48 లక్షల ఆస్తి సంవత్సరమునకు ఇచ్చునది 1.2 శాతము మాత్రమే.

4. విక్రయించిన యెడల చేతికి వచ్చునది

48 లక్షలును చేతికి రావు. 24 నెలలకు మించి ఉంచుకొన్న యింటిని అమ్మిన వచ్చు లాభమును దీర్ఘకాలిక మూలధన లాభమందురు. 2024 జూలై 23 నుండి దీనిపై పన్ను 12.5 శాతము. ఆ తేదీకి పూర్వము సంపాదించిన ఇంటికి, భారత నివాసులైన వ్యక్తులు పాత పద్ధతిని, అనగా ధరల పెరుగుదల సూచికతో కొన్న ధరను హెచ్చించి మిగిలిన లాభముపై 20 శాతము లెక్కించు పద్ధతిని, పోల్చుకొని ఏది తక్కువయో అది చెల్లింపవచ్చును. 2001కి పూర్వపు ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి సరసమైన విలువను కొన్న ధరగ గ్రహింపవచ్చును.

మన ఉదాహరణమున ఆ విలువ 5 లక్షలనుకొందము. క్రొత్త పద్ధతిలో లాభము 43 లక్షలు, పన్ను 5,37,500. పాత పద్ధతిలో, 2001-02 సూచిక 100, 2025-26 సూచిక 376 కావున, 5 లక్షలు 18.80 లక్షలగును, లాభము 29.20 లక్షలు, పన్ను 5,84,000. ఇచ్చట క్రొత్త పద్ధతియే మేలు. 4 శాతము సెస్సుతో కలిపి 5,59,000 రూపాయలు. మధ్యవర్తికి ఒక శాతము, అనగా 48,000, ఇచ్చినచో నికరముగ మిగులునది 41,93,000. పన్ను ఒక్కొక్క వారసుని పేర విడివిడిగ లెక్కించుదురు గాన, వేరు ఆదాయము లేని తల్లి వంతున కొంత తగ్గవచ్చును కూడ.

ఈ మొత్తమును 6.5 శాతము వడ్డీకి నిలిపినచో సంవత్సరమునకు సుమారు 2,72,500 రూపాయలు. ఇల్లు ఇచ్చుచున్నది 58,000. తేడా 2,14,500. దీని భావమేమి? ఇంటి ధర ఏటేట సుమారు 4.5 శాతము పెరుగుచుండినచో రెండును సమానము. అంతకు మించి పెరుగుచో ఉంచుకొనుట లాభము. తగ్గినచో అమ్ముట లాభము.

ఇచ్చట రెండు విషయములు మరువరాదు. ఒకటి: అద్దె ఆదాయమున పురపాలక పన్ను పోగా మిగిలినదానిలో 30 శాతమును చట్టము మినహాయించును, బ్యాంకు వడ్డీకి అట్టి మినహాయింపు లేదు. రెండు: వడ్డీనంతయు తినివేసినచో అసలు అంకె మారకున్నను ధరలు పెరిగిన కొలది దాని సత్తువ తగ్గును. భూమికి ఆ లోపము తక్కువ. కాబట్టి వడ్డీలో కొంత అసలునకు చేర్చు క్రమశిక్షణ లేని కుటుంబము అమ్మకమునకు తొందరపడరాదు.

ధర పెరుగుదలను ఎట్లు తెలిసికొనుట? మధ్యవర్తుల మాటలవలన కాదు. అదే వీధిలో, ప్రక్క వీధిలో గడచిన అయిదేండ్లలో జరిగిన విక్రయములు ఏ ధరకు జరిగినవో విచారింపవలెను. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన 12 పారిశ్రామిక నగరములలో జహీరాబాదు ఒకటి. అట్టి వార్త వెలువడగనే ఊరి యిండ్లన్నియు బంగారమగునని చెప్పువారు బయలుదేరుదురు. ఆ ప్రాజెక్టు భూములు న్యాలకల్, ఝరాసంగం మండలములలోనివి. పట్టణములోని పాత సందుకు దానివలన ఫలము చేరునా, ఎప్పటికి చేరును అనునది వేరు ప్రశ్న. వార్తను నమ్మి ఉంచుకొనుటయు, వార్త విని అమ్ముటయు రెండును జూదమే.

5. ఇల్లు ఫలింపకుండుటకు కారణమేమి?

వ్యాధి నెరుగక మందు ఇచ్చుట ఎట్టిదో, కారణ మెరుగక అమ్ముట అట్టిది. కారణములు సాధారణముగ నాలుగు.

మొదటిది, మొహమాటము. పదేండ్ల క్రిందటి అద్దెయే నేటికిని నడచుచుండును. అద్దెదారుతో సౌమ్యముగ కూర్చుండి, వీధిలోని అద్దెలు చూపి, క్రమముగ పెంచుకొన్నచో తీరును.

రెండవది, శిథిలత. మన ఉదాహరణమున కప్పు, స్నానపు గది, విద్యుత్తు తీగలకు 2,50,000 వెచ్చించి అద్దె 12,000 చేయగలిగినచో, 11 నెలలకు అదనముగ 44,000 వచ్చును. పెట్టిన సొమ్ముపై అది 17 శాతమునకు పైబడినది, మంచి ఖర్చే. అయినను యింటి మొత్తము మిగులు 1,02,000 మాత్రమే అగును. సమానమగుటకు కావలసిన ధర పెరుగుదల 4.5 నుండి సుమారు 3.9 శాతమునకు తగ్గును. మరమ్మతు ఇంటిని బాగుచేయును గాని, నిర్ణయమును తానుగ చేయదు. ఈ భేదము తెలియక, మరమ్మతు లాభకరమని చూచి ఇల్లే లాభకరమని భ్రమించువారు పెక్కురు.

మూడవది, స్థానబలము తప్పుట. బజారు మరియొక చోటికి తరలినది, బస్సులు బైపాసు మార్గమున పోవుచున్నవి, పాఠశాల మూతబడినది. ఇది యజమాని చేతిలో లేనిది. ఇట్టి యింటిని ఉంచుకొనుటకు వేరు బలమైన కారణ ముండవలెను.

నాల్గవది, దూరము. యజమాని రాలేడు, చూడలేడు. ఊరిలోనే యున్న నమ్మకమైన బంధువునకు తగిన ప్రతిఫలమిచ్చి పాలన అప్పగించిన ఇది కొంత తీరును. ఆ ప్రతిఫలమును లెక్కలో వ్రాయవలెను. బంధుత్వము పేర ఉచితముగ పని చేయించుకొనుట శరణ మార్గము కాదు.

6. తల్లి, ఆడబిడ్డ, పాలివారు

పెక్కు కుటుంబములలో అసలు ముడి ఇచ్చటనే యున్నది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన రెండవ విభాగమున వీరశైవులను, లింగాయతులను పేర్కొని తన పరిధిలో చేర్చినది. తండ్రి స్వార్జితమైన ఆస్తిని వీలునామా లేకయే విడిచి పోయినచో భార్యకు, కుమారులకు, కుమార్తెలకు తలకొక సమాన భాగము. మన ఉదాహరణమున నాలుగు వంతులు. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితమున ఆడబిడ్డకు జన్మతః సమభాగమును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండి, ఆనాటికి వివాహము కాని కుమార్తెలకు, ఇచ్చెను. దేశమంతటికి ఈ హక్కు 2005 సెప్టెంబరు 9 నుండి వివాహితులకును వర్తించునట్లు వచ్చెను. ఆ తేదీన తండ్రి జీవించి యుండవలెనను నియమము లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టపరచెను.

అయినను వాడుకలో ఏమి జరుగుచున్నది? "నీ వివాహమునకు పెట్టితిమి గదా" యని చెప్పి, పండుగకు వచ్చిన చెల్లెలి చేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయింతురు. ఆమె చదువను చదువదు. చదివినను పుట్టింటి వాకిలి మూసికొనిపోవునను భయమున చేవ్రాలు చేయును. అనుభవ మంటపమున అక్కమహాదేవి వంటివారు పురుషులతో సమానముగ ప్రశ్నించి ప్రత్యుత్తరములిచ్చిన సంప్రదాయము మనది. బియ్యపు గింజల విషయమున భర్తను సరిదిద్దిన లక్కమ్మ మన ఇల్లాలు. అట్టి ధర్మమున పుట్టిన మనము కుటుంబ సమావేశమున ఆడబిడ్డకు పీట వేయకుండుట సిగ్గుచేటు. ఆమె తన వంతును స్వేచ్ఛగ వదలుకొన్నచో అది ఆమె దాసోహము. మనము వదిలించుకొన్నచో అది మన దొంగతనము.

ఇక తల్లి. నికరముగ మిగిలిన 41,93,000 నాలుగు భాగములు చేసినచో ఒక్కొక్క భాగము 10,48,250. తల్లి వంతును మాత్రమే 6.5 శాతమునకు నిలిపినను సంవత్సరమునకు సుమారు 68,000 వచ్చును. ఇప్పుడు ఇల్లంతయు ఆమెకిచ్చుచున్నది 58,000. అనగా, తల్లి జీవనాధారమని చెప్పి ఉంచుకొన్న ఇల్లు, ఆమె నాల్గవ వంతు ఈయగలిగినంత కూడ ఆమెకీయలేకున్నది! లెక్క వేయని ఇంట ఈ సత్యము బయటపడదు.

కాని ఇందు ప్రమాదమును కలదు. అమ్మిన సొమ్ము పెద్ద కుమారుని వ్యాపారమున కలిసిపోయి, తల్లికి నెలనెల చేయి చాచవలసిన గతి పట్టునేని అద్దె యిల్లే మేలు. కావున తల్లి వంతు మొట్టమొదట, ఆమె పేరనే, ఆమె సంతకముతో మాత్రమే తీయదగిన ఖాతాలో పడవలెను. 60 సంవత్సరములు నిండినవారికి తపాలా కార్యాలయమున, బ్యాంకులలో లభించు వరిష్ఠ పౌరుల పొదుపు పథకమున 30 లక్షల వరకు నిలుపవచ్చును. మూడు నెలలకొకసారి వడ్డీ చేతికి వచ్చును. ఆ యేర్పాటు జరుగనిదే తక్కిన వంతులు పంచుకొనరాదు. ఇది చట్టము విధించిన నియమము కాదు, మన నియమము.

మరియొక విషయము. మనలో లింగైక్యులైనవారిని భూస్థాపితము చేయు ఆచారము కలదు. ఇంటి ఆవరణమునందో, దానిని అంటియున్న స్థలమునందో పెద్దల సమాధి యున్నచో ఆ భాగమును కొలిపించి అమ్మకమునుండి మినహాయించి, పూజకు వచ్చిపోవు దారిహక్కును దస్తావేజులోననే వ్రాయించుకొనవలెను. నోటి మాట రెండవ తరమునకు నిలువదు.

7. సత్యశుద్ధమైన విక్రయము

అమ్ముట నిశ్చయమైనచో అది సత్యశుద్ధముగ జరుగవలెను. "సగము తెలుపు, సగము నలుపు" అను మాట నేడు విక్రయములందు సర్వసాధారణమైనది. స్థిరాస్తి విక్రయమున 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగ స్వీకరించుట ఆదాయపు పన్ను చట్టము ప్రకారము నిషిద్ధము. స్వీకరించిన మొత్తమునకు సమానమైన జరిమానా పడవచ్చును. అంతకంటె ముఖ్యముగ, అసత్యముతో వచ్చిన ధనమును లింగమునకు అర్పించి ప్రసాదముగ స్వీకరించుట ఎట్లు సాధ్యము? మూడు లక్షల పన్ను మిగిలెనని సంతసించువాడు తన ఇష్టలింగపూజకు ఏ ముఖముతో కూర్చుండును?

పన్ను తగ్గించుకొనుటకు ధర్మమైన మార్గములే యున్నవి. విక్రయమునకు ఒక సంవత్సరము ముందుగాని, తరువాత రెండేండ్లలోగాని మరియొక నివాసగృహమును కొన్నను, మూడేండ్లలో కట్టించుకొన్నను, అందులకు వెచ్చించిన లాభమునకు మినహాయింపు కలదు. ఆరు నెలలలోపల నిర్దిష్టమైన ప్రభుత్వ సంస్థల బాండ్లలో 50 లక్షల వరకు అయిదేండ్లకు నిలిపినను మినహాయింపు కలదు. అయితే పన్ను తప్పుటకే మరియొక యిల్లు కొనువారు ఆలోచింపవలెను. తెలంగాణమున 2021 జూలైలో హెచ్చించిన స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి 7.5 శాతము, 40 లక్షల యింటికి అది 3 లక్షలు. పైగా ఫలింపని యిల్లు పోయి ఫలింపని మరియొక యిల్లు వచ్చినచో చిక్కు తీరినట్లు కాదు, చిరునామా మారినట్లు.

విక్రయమునకు పూర్వమే కాగితములు చక్కబరచుకొనవలెను. మూల దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, కుటుంబ సభ్యుల ధ్రువపత్రము, పురపాలక సంఘమున వారసుల పేర మార్పిడి, పన్ను రసీదులు సిద్ధముగ నుండవలెను. ఇవి లేక బయానా పుచ్చుకొనినవాడు గడువు దాటి మాట పోగొట్టుకొనును.

అద్దెదారును మరువరాదు. ఎన్నో యేండ్లు ఆ యింటిని కనిపెట్టుకొనియున్నవాడు అతడే. కొనదలచునేమో మొదట అతనినే అడుగుట మర్యాద. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము ఇల్లు కొన్నవాడు అద్దె ఒప్పందపు బాధ్యతలతోనే దానిని పొందును. అతడిచ్చిన అడ్వాన్సును తిరిగి చెల్లించుటయో, కొన్నవానికి అప్పగించి వ్రాత పుచ్చుకొనుటయో చేయవలెను. బడియీడు పిల్లలున్న కుటుంబమును విద్యాసంవత్సరము నడుమ ఖాళీచేయుమనుట చట్టము ఒప్పినను మన మనసొప్పరాదు.

8. మఠముల గృహముల విషయము

మఠములకును భక్తులిచ్చిన అద్దె యిండ్లు కలవు. వానిలో పెక్కింటి కిరాయి దీపారాధన నూనెకు కూడ చాలదు. అచ్చట విచారణ ఇంకను కఠినముగ నుండవలెను. గృహస్థుడు తన ఆస్తికి యజమాని. పీఠాధిపతి మఠపు ఆస్తికి ధర్మకర్త. 1987 నాటి ధర్మాదాయ చట్టము, అనగా 30వ చట్టము, వర్తించు సంస్థల స్థిరాస్తిని కమీషనరు ముందస్తు అనుమతి లేక విక్రయించుట, మార్పిడిచేయుట, తాకట్టుపెట్టుట చెల్లదు. కావున మఠములు విక్రయమునకు ముందు అద్దెల సవరణ, మరమ్మతు, లేక ఆ యింటినే విద్యార్థుల వసతికో, దాసోహశాలకో వినియోగించుట యోచింపదగును. దాత ఏ నిమిత్తమై ఇచ్చెనో ఆ నిమిత్తము నెరవేరుచున్నదా అనునదే మఠమునకు కొలబద్ద. వడ్డీ శాతము కాదు.

9. నిర్ణయ క్రమము

ఇంతవరకు చెప్పినదానిని క్రమముగ కూర్చుకొందము. మొదట, ఇంటి కాయకము చేయువారు కలరా? రెండు, మూడేండ్ల లెక్క వ్రాసి నికర మిగులు తేల్చితిమా? మూడు, ఫలింపని కారణము మన చేతిలోనిదా, కానిదా? నాలుగు, పన్నులు పోగా వచ్చు సొమ్మును దేనికి వినియోగింతుము? అయిదు, తల్లి, ఆడబిడ్డ నోట తమ యిష్టమును వింటిమా?

చేయువారుండి, కారణము మన చేతిలోనిదైనచో ఇంటిని ఉంచి బాగుచేయుడు. రెండేండ్ల గడువు పెట్టుకొని మరల లెక్క చూడుడు. చేయువారు లేక, కారణము మన చేతిలో లేక, ధర పెరుగుదలయు లెక్కకు చాలనిచో, నిస్సంకోచముగ విక్రయింపుడు. మన ఉదాహరణ కుటుంబమున ఇంటిని చూచుకొనువారు లేరు, బజారు తరలినది. ఆ వీధి విక్రయములలో ఏటికి 4.5 శాతము పెరుగుదల కానరానిచో, తల్లి వంతును భద్రపరచి, ఆడబిడ్డకు సమభాగమిచ్చి అమ్ముటయే వారికి యుక్తము.

సొమ్ము వినియోగమే చివరి పరీక్ష. ఇంటి ధనము బిడ్డల చదువునకో, చేతి వృత్తికో, ఋణవిముక్తికో, వృద్ధుల భద్రతకో పోయి, అందొక పాలు దాసోహమునకు చేరినచో, కదలక నిలిచిపోయిన తండ్రి కష్టార్జితము నలుగురి జీవితములలో కదలనారంభించినట్లే. అట్లుగాక రెండేండ్లలో ఆడంబరమునకు కరిగిపోవునని తోచినచో, ఆ యిల్లు ఫలింపకున్నను ఉండనిండు. కనీసము అది మన చేతినుండి మనలనే కాపాడును.

అధ్యయన ప్రశ్నలు (కుటుంబ సభ్యులందరు కూర్చుండి చర్చింపదగినవి)

1. అద్దె ఎప్పుడు కాయకఫలమగును? మన యింటి అద్దె అట్టిదేనా?
2. గడచిన సంవత్సరము మన అద్దె యింటి నికర మిగులు ఎంత? అది యింటి విలువలో ఎన్నవ శాతము?
3. ఆయ్దక్కి లక్కమ్మ మన యింట నుండినచో ఈ విషయమున ఏమనియుండును?
4. మన యింటి ఆడబిడ్డ తన వంతును వదలుకొన్నచో, అది ఆమె ఇష్టమా, మన ఒత్తిడియా?
5. విక్రయధనమున తల్లిదండ్రుల భద్రతకు, దాసోహమునకు ముందుగనే ఏర్పాటు చేసితిమా?